నాలుగు ఛానెళ్ళ రీలు, రెండు ఛానెళ్ళ డెక్కు: ఒక కేస్ స్టడీ

పాత టేపుల్ని డిజిటల్‌లోకి ఎక్కించే పని చేస్తుంటా. ఎక్కువగా వచ్చేవి మామూలు స్టీరియో రీళ్ళు, క్యాసెట్లు. ఎప్పుడో ఒకసారి నాలుగు ఛానెళ్ళ టేపులు, అంటే క్వాడ్రాఫోనిక్ టేపులు వస్తాయి. అలాంటి కేసు ఒకటి వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఇందులో నేను ఒకే తప్పు రెండుసార్లు చేశా, రెండోసారి అది వేరే రూపంలో వచ్చింది కాబట్టి చాలాసేపు గుర్తే పట్టలేదు. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా. వాళ్ళెవరో తెలిసే వివరాలన్నీ తీసేశా.

ఏం తెచ్చారు

ఒకావిడ అట్టపెట్టె నిండా టేపులు తెచ్చారు. 7 అంగుళాల రీళ్ళు పదకొండు, 8-ట్రాక్ కార్ట్రిడ్జులు (ఒకే చుట్టగా తిరిగే టేపున్న డబ్బాలు) రెండు. అన్నీ వాళ్ళ నాన్నగారివి, ఆయన ఇప్పుడు లేరు. ఇంట్లో పనిచేసే స్టీరియో రీల్ డెక్కు ఒకటుంది, కొత్త రకం ఆడియో-వీడియో రిసీవరూ దానికి 5.1 స్పీకర్లూ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఉన్నాయి. డెక్కు నుంచి రెండు వైర్లు తీసి రిసీవర్‌కి పెట్టి, సరౌండ్ మోడ్ ఆన్ చేసి విన్నారట. వెనక స్పీకర్లలోంచి కూడా ఏదో వస్తోంది కాబట్టి నాలుగు ఛానెళ్ళూ వస్తున్నట్టే అనుకున్నారు.

పదకొండు రీళ్ళలో పది కంపెనీ రిలీజులు. ముందుగా పెట్టెల మీద ఏముందో చదివించా, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. “4-ట్రాక్ స్టీరియో” అని ఉంటే అది మామూలు స్టీరియో టేపే, నాలుగు ట్రాకుల్లో రెండు ఒకవైపు, రెండు ఇంకోవైపు. “4-ఛానెల్” అనో “క్వాడ్రాఫోనిక్” అనో ఉంటేనే నిజంగా నాలుగు ఛానెళ్ళు. ఒక్క మాట తేడా, కానీ ఆ పదింట్లో ఏడు మామూలు స్టీరియో అని అక్కడే తేలిపోయింది. మిగిలిన మూడే అసలు క్వాడ్.

పదకొండోది ఇంట్లో రికార్డు చేసింది. పెట్టె మీద ఒక తేదీ, “రిహార్సల్” అన్న మాట, అంతే. ఆవిడ వచ్చింది నిజానికి దీని కోసమే. నాన్నగారు, ఆయన స్నేహితులు కలిసి పాడుకునేవాళ్ళు, ఆ పాటల్ని ఆయనే రికార్డు చేశారు. “నాన్న కూడా పాడారండీ, నాకు బాగా గుర్తు, కానీ టేపులో పాటల్లో ఆయన గొంతు సరిగ్గా వినపడట్లేదు” అన్నారు. అంతకుముందు ఇంకొకరి దగ్గర ట్రాన్స్‌ఫర్ చేయించారట, వాళ్ళు ‘ఏ’ సైడ్ (టేపు మొదటి వైపు) ఫైల్ ఇచ్చి, ‘బీ’ సైడ్ (రెండో వైపు) పాడైపోయింది, అంతా ఉల్టా శబ్దాలే ఉన్నాయి, పనికిరాదు అని చెప్పారట.

అసలు సమస్య ఏంటి

ఆ ఏ సైడ్ ఫైల్ ఆవిడ ఫోన్‌లోనే విన్నా. మొదట్లో ఒక మగ గొంతు “ఒకటి” అని చప్పట్లు కొడుతుంది, దగ్గరగా, గట్టిగా. తర్వాత “రెండు”, చప్పట్లు, కానీ ఇది దూరంగా ఎక్కడో గది అవతల నుంచి వచ్చినట్టు. “మూడు” మళ్ళీ దగ్గర. “నాలుగు” మళ్ళీ దూరం. ఆ గొంతు నాన్నగారిదేనా అని అడిగితే అవునన్నారు. అంటే ఆయన ఒక్కో మైకు దగ్గరికి నడిచి వెళ్ళి నంబర్ చెప్పి చప్పట్లు కొట్టారు, మైకులు నాలుగు, మనకి వినపడేది రెండు మైకులే. బీ సైడ్‌లో ఉల్టాగా ఉన్నది పాడైపోయిన శబ్దం కాదు, మిగతా రెండు మైకులు.

ఇది ఎందుకలా అవుతుందో చెప్పాలి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. పావు అంగుళం టేపు మీద పైనుంచి కిందకి నాలుగు సన్నటి ట్రాకులు, ఒక్కోటి సుమారు 1.1 మిల్లీమీటర్లు. మామూలు స్టీరియోలో ఏ సైడ్‌కి 1, 3 ట్రాకులు వాడతారు, రీలు తిప్పి పెడితే అదే హెడ్ (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం) కిందకి 4, 2 వస్తాయి, అది బీ సైడ్. క్వాడ్ రీల్‌లో నాలుగు ట్రాకులూ ఒకే దిశలో, ఒకేసారి రికార్డవుతాయి: 1 ముందు ఎడమ, 3 ముందు కుడి, 2 వెనక ఎడమ, 4 వెనక కుడి. 1969లో వాన్‌గార్డ్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన మొదటి క్వాడ్ రీళ్ళ నుంచి ఇదే వరస, వేగం సెకనుకి 7.5 అంగుళాలు. అందుకే క్వాడ్ రీల్‌ని స్టీరియో డెక్కులో పెడితే ముందు ఛానెళ్ళు శుభ్రంగా వినపడతాయి, అనుమానం కూడా రాదు. తిప్పి పెడితే వెనక ఛానెళ్ళు ఉల్టాగా, పైగా ఎడమ కుడి మారిపోయి వస్తాయి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఆవిడకి అక్కడే చెప్పేశా. బీ సైడ్ ఖాళీ అనుకునో పాడైంది అనుకునో స్టీరియో డెక్కులో దాని మీద ఏదన్నా రికార్డు చేస్తే వెనక రెండు ఛానెళ్ళూ శాశ్వతంగా పోతాయి. క్యాసెట్‌కి ఉన్నట్టు రీల్‌కి విరగ్గొట్టే ట్యాబ్ ఉండదు. ఆ పెట్టె మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి ఇచ్చా.

మరి రిసీవర్ వెనక స్పీకర్లలో వినిపించింది ఏంటి? అది ముందు రెండు ఛానెళ్ళ నుంచి రిసీవర్ సొంతంగా తయారుచేసిన శబ్దం. ఆవిడకి ఎవరో ఎస్‌క్యూ డీకోడర్ కొనమని కూడా సలహా ఇచ్చారట. ఎస్‌క్యూ, క్యూఎస్ లాంటివి మ్యాట్రిక్స్ పద్ధతులు, ముఖ్యంగా ఎల్పీ రికార్డుల కోసం వచ్చినవి, నాలుగు ఛానెళ్ళని రెండింట్లోకి కలిపేసి మళ్ళీ విడదీస్తాయి. క్వాడ్ టేపులో కలపడం లేదు, నాలుగూ విడివిడిగా పక్కపక్కనే ఉన్నాయి. కలపనిదాన్ని విడదీసే పెట్టె ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. ఇక్కడ లేనిది డీకోడర్ కాదు, ఆ రెండు ట్రాకుల ముందు హెడ్ లేదు.

మొదటి ప్రయత్నం, ఎందుకు అలా చేశా

ముందు టేపు ఎలా ఉందో చూశా. రీలుని వెలుతురుకి అడ్డం పెడితే కాంతి రాలేదు, అంటే టేపు పట్టీ పాలియెస్టర్, పాతబడితే వెనిగర్ వాసన కొట్టే అసిటేట్ కాదు. వెనిగర్ వాసన లేదు. కొన్ని అడుగులు నడిపితే హెడ్ మీద జిగురుగానీ పొడిగానీ అంటలేదు. బేకింగ్ (జిగురు తేరిన టేపుని సన్నటి వేడిలో ఉంచడం) అవసరం పడలేదు. టేపు మీది ట్రాకుల్ని కంటికి చూపించే మ్యాగ్నెటిక్ వ్యూయర్ పెట్టి చూస్తే నాలుగు గీతలూ కనిపించాయి, మధ్యలో ఎక్కడా చెరిగిన గుర్తు లేదు.

అప్పుడు నా దగ్గర నాలుగు ఛానెళ్ళ డెక్కు లేదు. తెలిసినవాళ్ళ దగ్గర ఒకటుంది కానీ సర్వీసు చేసి చాలా కాలమైంది. నా స్టీరియో డెక్కు మాత్రం బాగా ట్యూన్ చేసి ఉంది, దాని గురించి నాకు అంతా తెలుసు. ఎలా పనిచేస్తుందో తెలియని మెషీన్‌లో, ఇంకెక్కడా కాపీ లేని టేపు పెట్టడం కంటే, తెలిసిన మెషీన్‌లో రెండుసార్లు నడపడం టేపుకి భద్రం అనుకున్నా. ఏ సైడ్ ఒక పాస్ (మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడపడం), తిప్పి బీ సైడ్ ఒక పాస్, కంప్యూటర్‌లో రెండోదాన్ని ఉల్టా చేసి, ఎడమ కుడి మార్చి, రెండూ పక్కపక్కన పెట్టి జరిపి సరిచేస్తే నాలుగు ఛానెళ్ళు వచ్చేస్తాయి కదా. ఈ పద్ధతి చాలామంది వాడతారు, నేనూ అంతకుముందు ఒక కంపెనీ టేపుకి వాడా, బాగానే వచ్చింది.

టేపు 1200 అడుగులు, 32 నిమిషాలు. మొదటి చప్పట్ల దగ్గర రెండు పాస్‌లనీ కలిపా. చివరికొచ్చేసరికి సుమారు 0.9 సెకన్లు తేడా. ఇది ఊహించిందే, వేగంలో 0.05 శాతం తేడా ఉన్నా 32 నిమిషాలకి దాదాపు ఒక సెకను అవుతుంది. సాగదీసి చివర్లు కలిపా. అప్పుడు మధ్యలో 140 మిల్లీసెకన్లు తేడా. ఎందుకంటే రీలు నిండుగా ఉన్నప్పుడు, ఖాళీ అవుతున్నప్పుడు టేపు మీద లాగుడు మారుతుంది, దాంతో వేగం కొద్దిగా మారుతుంది, తిప్పి పెట్టినప్పుడు ఆ మార్పు అటు చివర నుంచి మొదలవుతుంది. తేడా గీత తిన్నగా ఉండదు, వంకరగా ఉంటుంది. సరే అని ప్రతి 30 సెకన్లకీ ఒక గుర్తు పెట్టి ముక్కలు ముక్కలుగా కలిపా. రెండు రోజులు పట్టింది. కాగితం మీద తేడా రెండు మూడు మిల్లీసెకన్లకి దిగింది.

వింటే మాత్రం బాలేదు. గొంతులు నీళ్ళ లోపల నుంచి వస్తున్నట్టు, ఒక్కో పదం దగ్గర రంగు మారిపోతున్నట్టు. తల కొద్దిగా కదిపితే మనిషి ఒక మూల నుంచి ఇంకో మూలకి జారిపోతున్నాడు.

మరి కంపెనీ టేపుకి పనిచేసింది దీనికెందుకు పనిచేయలేదు? ఆలోచిస్తే కారణం తేలిగ్గానే దొరికింది, ముందే ఆలోచించి ఉండాల్సింది. ఆ కంపెనీ రిలీజు స్టూడియో మల్టీట్రాక్ మిక్స్, వెనక ఛానెళ్ళలో ఉన్న వాయిద్యాలు ముందు ఛానెళ్ళలో దాదాపు లేవు. కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే ఆ వాయిద్యం మీటరు దూరం జరిగినట్టు అనిపిస్తుంది, అంతకంటే ఏమీ కాదు. ఈ రిహార్సల్ అలా కాదు, ఒకే గదిలో నాలుగు మైకులు, ఒక్కో గొంతూ నాలుగు మైకుల్లోనూ పడింది. ఒకే శబ్దం రెండు ఛానెళ్ళలో 1 మిల్లీసెకను తేడాతో కలిస్తే 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆపైన 1500 దగ్గర, 2500 దగ్గర, ఇలా గొంతు ఉండే చోటంతా గుంటలు పడతాయి. ఆ తేడా స్థిరంగా ఉన్నా కొంత నయం, కానీ డెక్కు వేగంలో సెకనుకి చాలాసార్లు వచ్చే సన్నటి వణుకు రెండు పాస్‌లలో ఒకేలా ఉండదు కాబట్టి ఆ గుంటలు కదులుతూనే ఉంటాయి. నీళ్ళ లోపలి శబ్దం అదే.

దీనికి తోడు ఉల్టాగా నడిపితే డెక్కు లోపలి ఈక్వలైజేషన్ (బేస్, ట్రెబుల్ సరిచేసే సర్క్యూట్) తెచ్చే ఫేజ్ మార్పు (ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో చిన్న ఆలస్యం) కూడా కాలంలో తిరగబడి చేరుతుంది. హెచ్చుతగ్గులు మారవు కానీ ఫేజ్ ముందు ఛానెళ్ళతో సరిపోదు. మిగతా తేడాలతో పోలిస్తే ఇది చిన్నది, అయినా ఉంది.

చప్పట్లు చెప్పిన లెక్క

ఈ దశలో ఒక సంగతి తట్టింది, ఈ కేసులో నాకు దక్కిన అసలు విషయం ఇదే. నాన్నగారు ప్రతి మైకు దగ్గరా చప్పట్లు కొట్టారు. 1వ మైకు దగ్గర కొట్టిన చప్పట్లు 2వ మైకుకి కొంత ఆలస్యంగా చేరతాయి. 2వ మైకు దగ్గర కొట్టినవి 1వ దానికీ అంతే ఆలస్యంగా చేరాలి, రెండింటి మధ్య దూరం ఒకటే కదా. రెండు ఆలస్యాలూ సమానంగా ఉంటే ఆ రెండు ట్రాకులూ సరిగ్గా కలిసినట్టు. సమానంగా లేకపోతే, ఆ తేడాలో సగం ఎంతో అంత మనం తప్పుగా జరిపినట్టు. మైకులు ఎక్కడున్నాయో తెలియక్కర్లేదు, గది కొలతలు తెలియక్కర్లేదు.

నేను రెండు రోజులు కష్టపడి కలిపిన ఫైల్‌లో కొలిస్తే 1 నుంచి 2కి 15 మిల్లీసెకన్లు, 2 నుంచి 1కి 9. అంటే కనీసం ఆ చోట 3 మిల్లీసెకన్లు తప్పు. అసలు ఆలస్యం 12 అయ్యుండాలి, అంటే మైకుల మధ్య నాలుగు మీటర్లు. ముందు రెండు మైకులు 1, 3 ఒకే పాస్‌లో వచ్చినవి కాబట్టి అటు నుంచీ ఇటు నుంచీ 9 మిల్లీసెకన్లే, మూడు మీటర్లు. ఒకే పాస్‌లో వచ్చిన జతకి సమానంగా ఉంది, వేరే వేరే పాస్‌లలో వచ్చిన జతకి లేదు, ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు. చెవితో గుర్తులు పెట్టుకుంటూ కూర్చోకుండా ముందే ఇది చూసి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

ఆయన ఇది ఎందుకు చేశారో నాకు తెలిసినట్టే అనిపించింది. ఏ మైకు ఏ ట్రాకుకి వెళ్తోందో గుర్తు కోసం చేసుంటారు, అంతే. కానీ ఇన్నేళ్ళ తర్వాత ఆ టేపుని సరిచూసుకోవడానికి కావాల్సిన కొలబద్ద అందులోనే పెట్టి వెళ్ళారు. పాటలన్నీ అయ్యాక చివర్లో కూడా అలాగే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మళ్ళీ కొట్టారు. ఆ చివరి చప్పట్ల విలువ నాకు తర్వాత తెలిసొచ్చింది.

మధ్యలో వదిలేసిన ఒక దారి

ఆటో-రివర్స్ స్టీరియో డెక్కులు కొన్నింటిలో రెండు దిశలకీ కలిపి నాలుగు గ్యాపులున్న (గ్యాపు అంటే ట్రాకుని చదివే సన్నటి చీలిక) ఒకే ప్లే హెడ్ ఉంటుంది, వాడనప్పుడు రెండు గ్యాపుల్ని స్విచ్చు ఆపుతుంది. ఆ రెండు వైర్లనీ బయటికి లాగి ఇంకో రెండు ప్రీఆంపులు పెడితే క్వాడ్ ప్లేయర్ అయిపోతుంది. నా దగ్గరున్నది తెరిచి చూస్తే అందులో ఒకే హెడ్ కాదు, రెండు వేరు వేరు హెడ్లు, దూరదూరంగా. ఒకటి నుంచి ఇంకోదానికి టేపు వెళ్ళే సమయం కంప్యూటర్‌లో తీసేయొచ్చు కానీ ఆ సమయం కూడా వేగంతో పాటు కొద్దిగా వణుకుతుంది, మళ్ళీ మొదటికే వస్తాం. ఇంకో డెక్కులో ఒకే హెడ్ ఉంటే ఈ దారి మంచిదే. నేను వదిలేశా.

నాలుగు ఛానెళ్ళ డెక్కు, రెండో తప్పు

చివరికి తెలిసినవాళ్ళ డెక్కే తెచ్చుకున్నా, టియాక్ ఏ-3340ఎస్. నాలుగు ట్రాకులూ ఒకే గీత మీదున్న హెడ్, సెకనుకి 7.5, 15 అంగుళాలు రెండు వేగాలూ ఉన్నాయి. క్వాడ్ రీళ్ళకి కావాల్సింది సరిగ్గా ఇదే. వారం రోజులు దాని మీదే పనిచేశా. బెల్టు, పించ్ రోలర్ (టేపుని నొక్కి నడిపే రబ్బరు చక్రం) మార్చా, దారంతా తుడిచా, హెడ్లు డీమాగ్నెటైజ్ చేశా, ఆ తర్వాతే పనికిరాని టేపులు పెట్టి గంటల తరబడి ముందుకీ వెనక్కీ తిప్పా, ఎక్కడా మడత పెట్టడం లేదు, అంచు నలపడం లేదు అని చూసుకున్నాకే ముందుకెళ్ళా.

లెవెల్స్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. నా టెస్ట్ టేపు టేపు వెడల్పంతా రికార్డైన రకం. దాన్ని సన్నటి ట్రాకుల హెడ్‌తో చదివితే తక్కువ ఫ్రీక్వెన్సీలు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే పక్కనున్న టేపు భాగం నుంచి కూడా హెడ్ కొంత లాక్కుంటుంది. అది నిజమనుకుని బేస్ తగ్గిస్తే అసలు టేపు పలచగా వస్తుంది. నాలుగు ఛానెళ్ళనీ 1000 హెర్ట్జ్ దగ్గర సమానం చేసి, కింది వైపు ముట్టుకోలేదు.

అజిముత్‌కి, అంటే హెడ్ నిలువు వంపుని సరిచేయడానికి, టెస్ట్ టేపు వాడలేదు, ఇంట్లో రికార్డైన టేపు ఆ ఇంటి డెక్కు హెడ్ ఎంత వంగి ఉంటే అంత వంపుతో ఉంటుంది, దానికి తగ్గట్టే పెట్టాలి. మామూలుగా రెండు ట్రాకుల్ని మోనోలో కలిపి పై ఫ్రీక్వెన్సీలు ఎక్కడ బాగా వస్తే అక్కడ ఆపుతాం. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు, మైకులు దూరదూరంగా ఉన్నాయి కాబట్టి ట్రాకులు కలిపితే ఎలాగూ కొట్టుకుంటాయి, ఆ వినికిడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఒక్కో ట్రాకునీ విడిగా విని, “స”, “శ” అక్షరాలు ఎక్కడ పదునుగా వస్తున్నాయో చూసి, నాలుగింటికీ కుదిరిన చోట ఆపా.

ఇక క్యాప్చర్, అంటే కంప్యూటర్‌లోకి రికార్డు చేయడం. నా నాలుగు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌లో (శబ్దాన్ని కంప్యూటర్‌కి అందించే పెట్టెలో) ఒక ఇన్‌పుట్ గరగరమంటోంది. అది బాగుచేయించేదాకా ఆగకుండా, రెండు ఇన్‌పుట్లున్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లు రెండు పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ ఒకటిగా కలిపి రికార్డు చేశా. ముందు రెండు ఒకదాంట్లోకి, వెనక రెండు ఇంకోదాంట్లోకి. టేపు ఒకేసారి నడుస్తోంది, నాలుగూ ఒకే హెడ్ నుంచి వస్తున్నాయి, ఇంకేం సమస్య అనుకున్నా.

మొదటి చప్పట్ల దగ్గర చిన్న తేడా ఉంటే ఇంటర్‌ఫేస్‌ల ఆలస్యం అని జరిపి సరిచేశా. 1-2, 2-1 రెండూ 12. సంతోషపడ్డా. మొదటి పాట అద్భుతంగా ఉంది. చివరి పాటలకి వచ్చేసరికి వెనక నుంచి ఏదో ప్రతిధ్వని. ఆ గది స్వభావం అనుకున్నా, తర్వాత ప్రింట్-త్రూ అనుకున్నా, అంటే టేపు చుట్టల మధ్య శబ్దం ఒకదాని మీద ఒకటి అంటుకోవడం. దాని మీద ఒక సాయంత్రమంతా పోయింది. ఆఖరికి చివరి చప్పట్లు కొలిచా. తేడా 60 మిల్లీసెకన్లు.

టేపు తప్పు కాదు, డెక్కు తప్పూ కాదు. రెండు ఇంటర్‌ఫేస్‌లకీ దేని గడియారం దానిదే. ఒక గడియారం ఇంకోదాని కంటే పది లక్షలకి 31 వంతులు వేగంగా నడిస్తే 32 నిమిషాలకి అది 60 మిల్లీసెకన్లు. రెండు పాస్‌ల తప్పునే నేను ఇక్కడికి మోసుకొచ్చా, ఈసారి టేపుని లాగే క్యాప్‌స్టన్ ఇరుసు బదులు ఇంటర్‌ఫేస్ గడియారంలోని స్ఫటికం, అంతే తేడా. నాలుగు ఛానెళ్ళని ఎక్కడ రెండు జతలుగా విడదీసినా, ఆ రెండింటికీ కాలం ఒకటే అని నమ్మడానికి ఆధారం ఏంటో అడగాలి. డెక్కు దగ్గర అడిగా, ఇంటర్‌ఫేస్ దగ్గర అడగలేదు.

ఈ తేడా తిన్నగా పెరిగే తేడా కాబట్టి సాగదీసి సరిచేయొచ్చు, నిజానికి చేసి చూస్తే బాగానే ఉంది. అయినా టేపు ఇంకో పాస్‌ని తట్టుకునే స్థితిలో ఉంది కాబట్టి, ఆర్కైవ్ కాపీలో దిద్దుబాటు ఉండకూడదు అనుకుని, నాలుగు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ బాగయ్యేదాకా ఆగి, ఒకే గడియారంతో 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో మళ్ళీ తీశా. మొదటి చప్పట్లు 12, 12. చివరి చప్పట్లు 12, 12. వాళ్ళు 32 నిమిషాలు పాడినా మైకులు ఎవరూ కదపలేదని కూడా దీంతో తెలిసింది.

4వ ట్రాకులో ఐదు చోట్ల శబ్దం ఒక్క క్షణం మాయమవుతోంది. అది టేపు కింది అంచున ఉండే ట్రాకు, అంచు కొద్దిగా వంగితే ముందు దెబ్బతినేది అదే. ఇక్కడ నా మొదటి ప్రయత్నం పనికొచ్చింది. తిప్పి పెట్టినప్పుడు ఆ అంచు పైకి వెళ్ళి హెడ్‌కి బాగా ఆనింది, ఐదింట్లో మూడు చోట్ల శబ్దం పూర్తిగా ఉంది. రెండు పాస్‌ల పద్ధతి 32 నిమిషాలకి పనికిరాదు కానీ అర సెకను ముక్కకి పనికొస్తుంది, అంత చిన్న ముక్కలో వేగం జారే వ్యవధి ఉండదు. ఆ మూడూ వినే కాపీలో మాత్రమే అతికించా, ఆర్కైవ్ కాపీలో ముట్టుకోలేదు. మిగతా రెండూ అలాగే ఉంచేశా.

కార్ట్రిడ్జుల సంగతి

కార్ట్రిడ్జులు రెండింటిలో ఒకదానికి పై మూల చిన్న గాటు ఉంది, ఇంకోదానికి లేదు. గాటున్నదే క్వాడ్-8, ఆర్‌సీఏ 1970లో తెచ్చిన రకం. ప్లేయర్ ఆ గాటుని బట్టే క్వాడ్ మోడ్‌కి మారుతుంది. స్టీరియో 8-ట్రాక్‌లో ఒక్కో ప్రోగ్రాముకి రెండు ట్రాకులు, 1-5, 2-6 ఇలా నాలుగు ప్రోగ్రాములు. క్వాడ్‌లో బేసి ట్రాకులన్నీ కలిపి ఒక ప్రోగ్రాము, సరి ట్రాకులన్నీ కలిపి ఇంకోటి. స్టీరియో ప్లేయర్‌లో పెడితే ఒకే పాటలో సగం 1వ ప్రోగ్రాములో, మిగతా సగం 3వ దాంట్లో వస్తుంది, రెండూ తిన్నగానే వస్తాయి, ఉల్టా ఉండదు. కలపడం తేలికేగా అనిపిస్తుంది. కాదు, ఇది వెనక్కి తిరగని ఉంగరంలాంటి చుట్ట, పించ్ రోలర్ కార్ట్రిడ్జు లోపలే ఉంటుంది, గట్టిపడి ఉంటుంది, వేగం రీల్ డెక్కు కంటే చాలా ఎక్కువ జారుతుంది. ఆ టేపు కంపెనీ రిలీజు, ఇంట్లో వాళ్ళ గొంతులేమీ లేవు. పాడైన ఫోమ్ ప్యాడ్ మార్చి, టేపు చివర్లు కలిపే ఎండిపోయిన రేకు అతుకు తీసి కొత్తది వేసి ఇచ్చేశా. ఎప్పుడైనా క్వాడ్-8 ప్లేయర్ దొరికితే వినొచ్చు. ప్రతిదాన్నీ ట్రాన్స్‌ఫర్ చేయాలని ఏమీ లేదు.

ఆవిడ ఇంట్లో వినడానికి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ ఇక్కడ పొరపాటు జరిగితే ఇప్పటిదాకా చేసిందంతా వృథా. నాలుగు ఛానెళ్ళ ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైల్ ఇస్తే ఆవిడ ప్లేయర్ దాన్ని స్టీరియోకి కుదించి రిసీవర్‌కి పంపింది, అంటే మళ్ళీ కలిపేసింది. అందుకని మధ్య స్పీకర్, సబ్‌వూఫర్ ఛానెళ్ళు నిశ్శబ్దంగా పెట్టి 5.1 ఫైల్‌గా చేసి ఇచ్చా, దాన్ని మారు మాట్లాడకుండా తీసుకుంది. రిసీవర్‌లో సరౌండ్ మోడ్లన్నీ ఆపేసి నేరుగా వినిపించే మోడ్ పెట్టించా. 5.1లో వెనక స్పీకర్లు దాదాపు పక్కలకి ఉంటాయి, క్వాడ్‌కి నాలుగు మూలల్లో ఉండాలి, కాబట్టి ఆ రెండూ కొంచెం వెనక్కి జరిపించా. నాలుగు స్పీకర్లకీ ఆవిడ కుర్చీ నుంచి సమాన దూరం ఉండేలా దారం పెట్టి కొలిచాం.

ఫైల్ పెట్టాం. ముందు ఎడమ మూల నుంచి “ఒకటి”, చప్పట్లు. అడుగుల చప్పుడు ఆవిడ ఎడమ భుజం పక్కగా వెనక్కి వెళ్ళింది. వెనక నుంచి “రెండు”, ఈసారి దగ్గరగా, గట్టిగా. తర్వాత ముందు కుడి మూల, ఆపైన వెనక కుడి మూల. అక్కడే ఆగిపోయారు ఆయన, నాలుగో మైకు పక్కన, తర్వాత పాట మొదలైంది. ఆవిడ కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని స్పీకర్ వైపు చూస్తూ, “నాన్న ఎప్పుడూ వెనక నుంచునే పాడేవారండీ” అన్నారు.